శ్రమల కాలం ఈసారి మనసుపెట్టి పాటించాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరమ్మాయి:

అందరికీ వందనాలు అండి. ఈ నెల 18న (2026 ఫిబ్రవరి) భస్మ బుధవారం, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమల కాలం (లెంట్) మొదలయ్యే రోజు, గట్టిగా పది రోజులు కూడా లేదు, అందుకే ఇప్పుడే అడుగుతున్నా. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, లూథరన్ సంఘం. ఉద్యోగం కోసం వచ్చి హైదరాబాద్‌లో పీజీలో ఉంటున్నా, వయసు 31.

చిన్నప్పుడు శ్రమల కాలం వచ్చిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంట్లోనే తెలిసిపోయేది. అమ్మ తల్లో పూలు పెట్టడం మానేసేది, ఆదివారం కోడికూర వాసన ఉండేది కాదు, బుధవారం శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరింటి వాకిట్లో చాపలు పరిచి బల్బు వేలాడదీసి ప్రార్థన కూడిక పెట్టేవాళ్లు, పాస్టర్ అయ్యగారు వచ్చేదాకా పిల్లలందరం కీర్తనలు పాడుతూ కూర్చునేవాళ్లం. అన్నిటికంటే బాగా గుర్తున్నది మాత్రం బియ్యం డబ్బా. అమ్మ అన్నం వండేటప్పుడు సోలతో బియ్యం కొలిచి గిన్నెలో పోసేది, పోశాక అందులోంచి ఒక పిడికెడు మళ్లీ వెనక్కి తీసి, ఆ పిడికిలి అలాగే మూసి ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఏదో అనుకుని, పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. రాత్రి వండేటప్పుడూ అంతే. కొలవకముందే బస్తాలోంచి తీసి పెట్టొచ్చు కదమ్మా అని ఒకసారి అడిగా. "మన తిండిలోంచి తియ్యాలే, బస్తాలోంచి తీస్తే మనకేం తెలుస్తది" అంది. ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఆ డబ్బా గుడికి వెళ్లేది, అక్కడ అందరి బియ్యం కలిపి ఊళ్లో ఒంటరి ముసలాళ్లకి పంచేవాళ్లు.

ఇక నా సంగతి. 2024లో చికెన్ మానేశా, నలభై రోజులూ ఎన్ని రోజులు మిగిలాయా అని క్యాలెండర్ చూడటమే సరిపోయింది, ఈస్టర్ రోజు మధ్యాహ్నం బిర్యానీ ముందు కూర్చుని ఆలోచిస్తే ఈ నలభై రోజుల్లో నాలో ఏం మారిందో నాకే తెలియలేదు, చాలా బాధేసింది. పోయినేడు ఇన్‌స్టాగ్రామ్ తీసేశా, ఆ టైం అంతా యూట్యూబ్‌కి పోయింది. ఇప్పుడు వెళ్తున్న చర్చిలో పాస్టర్ గారు లెంట్ మనుషులు పెట్టిన ఆచారం, మనకి అక్కర్లేదు అంటారు, వాక్యం మాత్రం చాలా బాగా చెప్తారు, ఆయన్ని తప్పు పట్టట్లేదు. కానీ నాకు ఈస్టర్‌కి సిద్ధపడి వెళ్లాలని ఉంది, ఊరికే వెళ్లాలని లేదు. ఇంటి దగ్గర ఒక విషయం కూడా ఉంది, అది ఇక్కడ రాయలేను, దానివల్ల రెండేళ్లుగా ప్రార్థనలో కూర్చుంటే మాట రావట్లేదు.

మీరు ఎలా పాటిస్తారో చెప్పండి. పీజీ వంట, ఆఫీసులో లంచ్‌లు, ఇవన్నీ ఉండగా ఎలా?

జోజి_బెజవాడ:

వందనాలు సిస్టర్. మేం కాథలిక్కులం, మా విచారణలో (మా గుడి పరిధిలో) దీన్ని తపస్సు కాలం అంటాం, భస్మ బుధవారాన్ని విభూది బుధవారం అంటాం. ఎలా పాటిస్తాం అని అడిగారు కాబట్టి మాకున్న పద్ధతి చెప్తా. విభూది బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఈ రెండు రోజులు 18 నిండినవాళ్ల నుంచి 59 ఏళ్ల వరకు ఒక్కపొద్దు, అంటే కడుపునిండా ఒక్క పూటే, మిగతా రెండు పూటలు కొంచెం కొంచెం. 14 నిండిన దగ్గర్నుంచి ఆ రెండు రోజులూ, తపస్సు కాలం శుక్రవారాలూ మాంసం ముట్టం. అంతే, రూల్ అంటే నిజానికి చాలా చిన్నది, మిగతాదంతా ఎవరికి వాళ్లు పెట్టుకునేదే.

ఇంకొకటి, చాలామందికి లెక్క దగ్గర అనుమానం వస్తుంది. ఫిబ్రవరి 18 నుంచి ఏప్రిల్ 5 ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కేస్తే 46 రోజులు వస్తాయి, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం ప్రభువు లేచిన రోజు కాబట్టి దాన్ని ఉపవాసంలో కలపరు. మీరు క్యాలెండర్ చూసుకుంటూ గడిపా అన్నారు కదా, ఆదివారాన్ని ఆదివారంలా గడపండి, సంతోషంగా ఆరాధనకి వెళ్లండి, మళ్లీ సోమవారం మొదలుపెట్టండి. నాకైతే అలా చేశాకే ఊపిరాడింది.

బూడిద గురించి కూడా చెప్పాలి. పోయినేడు మట్టల ఆదివారం నాడు ఇచ్చిన మట్టలు ఇంట్లో సిలువ వెనకాల పెట్టుకుంటాం, ఏడాదికి అవి ఎండి గోధుమరంగుకి వచ్చేస్తాయి, బుధవారానికి ముందు గుడికి తీసుకెళ్లి ఇస్తే కాల్చి ఆ బూడిదే నుదుట పెడతారు. హోసన్నా అని ఊపిన మట్టే మనం మన్ను అని గుర్తుచేయడానికి వస్తుంది. పోయినసారి మా చిన్నమ్మాయిని ఎత్తుకుని లైన్లో నిలబడ్డా, నాలుగేళ్లది, ఫాదర్ గారు బొటనవేలితో దాని నుదుట సిలువ గీస్తూ "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అన్నారు. బూడిద పొడి దాని ముక్కు మీద, కనురెప్పల మీద రాలింది. నాకు పెట్టినప్పుడు ఏమీ అనిపించలేదు కానీ నా బిడ్డ నుదుట ఆ మాట వినేసరికి కాళ్లలో వణుకొచ్చింది, ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.

శుక్రవారాల్లో సిలువ మార్గం ఉంటుంది, ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ 14 స్థలాలు, ఒక్కోచోట ఆగి మోకరిస్తూ వెళ్తాం. గుణదల కొండ దగ్గర ఎండలో ఎక్కుతూ చేసేవాళ్లుంటారు, మీరు కాథలిక్ కాకపోయినా రావచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఖమ్మం_ఎబెనెజరు:

ప్రైజ్ ద లార్డ్. ఎవరినీ నొప్పించాలని కాదు సిస్టర్, మీ పాస్టర్ గారు చెప్పింది కరెక్టే. బైబిల్లో లెంట్ అన్న మాటే లేదు, అపొస్తలులు ఎక్కడా 40 రోజులు పాటించినట్టు లేదు. గలతీ 4:10లో పౌలు గారు దినాలు, మాసాలు, ఉత్సవకాలాలు ఆచరిస్తున్నారని ఎంత బాధపడ్డారో చూడండి. నా చిన్నప్పుడు మా బంధువుల్లో ఒకాయన నలభై రోజులు గడ్డం పెంచి నీచు మాని మందు మాని, ఈస్టర్ సాయంత్రానికే మళ్లీ తాగొచ్చి ఇంట్లో ఆడవాళ్లని కొట్టేవాడు. ఆ పిన్ని ఏడుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకే 40 రోజుల భక్తి అంటే నాకు భయం. 365 రోజులు ఉండాలి కదా.

రూతమ్మ_బందరు:

అమ్మాయ్, నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), టీచర్‌గా రిటైరై పదకొండేళ్లు అయింది, ఫోన్లో టైపు చేయడం నెమ్మది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు ఎబెనెజరు బాబుకి. నువ్వు చెప్పింది విన్నాక నీ భయం అర్థమైంది నాయనా, మీ పిన్ని పడ్డ బాధ చిన్నది కాదు, అలాంటి లెంట్ దేవుడికీ వద్దు. యెషయా 58 ఉన్నదే దానికి, ఉపవాసం ఉంటూ పిడికిలితో కొట్టుకునేవాళ్ల గురించి అక్కడ ఎంత గట్టిగా ఉందో నీకు తెలుసు. బైబిల్లో లెంట్ అనే పేరు లేదు, నిజమే. క్రీ.శ. 325లో సంఘ పెద్దలు కూడిన నికేయ సభ నాటికే ఈస్టర్‌కి ముందు నలభై దినాల ప్రస్తావన ఉంది, అంటే సంఘంలో పాతకాలం నుంచీ ఉన్న అలవాటే, అయినా ఆజ్ఞ కాదు. మోషే కొండ మీద నలభై, ఏలీయా హోరేబు దాకా నడిచింది నలభై, ప్రభువు అరణ్యంలో నలభై, వాటిని చూసి పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు ఇది. రోమా 14లో ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని దినాలూ సమానంగా ఎంచుతాడు, ఇద్దరూ ప్రభువు కోసమే చేస్తున్నారు అని ఉంది కదా. నువ్వు 365 రోజులూ ఉండగలిగితే నీకు నా వందనం. నా బోటిదానికి ఏడాదిలో ఒకసారి ఇల్లు దులిపే రోజులు కావాలి. రోజూ చీపురు పట్టినా బీరువా వెనక బూజు బీరువా జరిపినప్పుడే కనిపిస్తుంది.

ఇప్పుడు నీకమ్మా. చికెన్ మానేశావు సరే, మానేసిన చోట ఏం పెట్టావు? ఇన్‌స్టాగ్రామ్ తీసేశావు, ఆ అరగంటకి ఏ పనీ చెప్పలేదు, అందుకే యూట్యూబ్ వచ్చి కూర్చుంది. మీ అమ్మగారు అన్నంలోంచి పిడికెడు తీసింది, తీసి ఊరుకోలేదు, కళ్లు మూసుకుని ఒక మాట అనుకుంది, డబ్బాలో వేసింది, అది ఎవరి ఎసట్లోకో వెళ్లింది. మత్తయి 6లో ప్రభువు దానం, ప్రార్థన, ఉపవాసం మూడూ వరసగా చెప్పాడు. మీ అమ్మ పిడికిట్లో ఆ మూడూ ఉన్నాయి. నీకు ఎక్కడ మొదలుపెట్టాలో నేను వేరే చెప్పాలా.

చదవడానికి ఏం కావాలంటే, మార్కు సువార్త తీసుకో. 16 అధ్యాయాలు, నాలుగు సువార్తల్లో అన్నిటికంటే చిన్నది. అందులో 11 దగ్గర్నుంచి చివరిదాకా ఆ ఒక్క వారం సంగతే, మట్టల ఆదివారం నుంచి ఖాళీ సమాధి దాకా. మొదటి పది అధ్యాయాలు మెల్లగా మార్చి 28 దాకా చదువు, 29 మట్టల ఆదివారం రోజు 11 తెరువు. నేను ముప్పై ఏళ్లుగా ఇలాగే చదువుతున్నా, ప్రతి ఏడూ పేతురు ప్రభువుని ఎరగనని చెప్పి ఏడ్చేచోట ఆగిపోతా. రాత్రి పడుకునే ముందు 51వ కీర్తన. మాట రావట్లేదు అన్నావు కదా, రాకపోతే ఆ కీర్తనే నీ మాట అనుకుని పైకి చదువు, అది ఉన్నదే మాట రానివాళ్ల కోసం.

ఆ రాయలేను అన్న విషయం నేను అడగను. మత్తయి 5:23, 24 మాత్రం ఒకసారి చూసుకో తల్లీ.

గుంటూరమ్మాయి:

రూతమ్మ గారూ, మీరు చెప్పిన వచనం చూశా. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమని. ఆఫీసులో లంచ్ టైంలో చదివా, వాష్‌రూంలోకి వెళ్లి ఏడ్చొచ్చా.

రాసేస్తా. నాన్న పోయి మూడేళ్లు. ఆ తర్వాత ఏడాదికి ఇల్లు అన్నయ్య పేరు మీద రాసే దగ్గర మాటా మాటా పెరిగింది, నేను అనకూడని మాట ఒకటి అన్నా, నాన్న ఆస్పత్రి ఖర్చుల గురించి. అది నిజం కాదని అన్నప్పుడే నాకు తెలుసు. అన్నయ్య ఏమీ అనలేదు, లేచి బయటికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి మాటల్లేవు. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది, వాడు పొలం వెళ్లే టైం చూసుకుని నేను అమ్మకి ఫోన్ చేస్తా. రెండు ఈస్టర్‌లు అయ్యాయి, నాన్న సమాధి దగ్గరికి వాళ్లు వేకువన వెళ్తారు కాబట్టి నేను ఎండెక్కాక వెళ్లి వచ్చా, అప్పటికి కొవ్వొత్తులన్నీ కరిగిపోయి ఉంటాయి.

చికెన్ మానేస్తే ఇది పోతుందనుకున్నానేమో. ఇప్పుడు అర్థమవుతోంది.

నరసాపురం_నర్సు_కువైట్:

అక్కా వందనాలు, నీ పోస్టు డ్యూటీలో చదివా, నీకు రాయకుండా ఉండలేకపోయా.

నేను కువైట్ వచ్చి ఆరేళ్లు. ఇక్కడ సెలవు శుక్రవారం, శనివారం కాబట్టి మా తెలుగు ఆరాధన శుక్రవారమే, ఆదివారం మామూలు పనిరోజు. ఈస్టర్ రోజు కూడా డ్యూటీ పడితే వెళ్లాల్సిందే. ఈసారి రంజాన్ కూడా మన శ్రమల కాలంతో పాటే మొదలవుతోంది, ఆ నెలంతా పగటిపూట బయట ఎవరి ముందూ తినకూడదు తాగకూడదు, ఇక్కడ చట్టం. మా వార్డులో ముస్లిం సిస్టర్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా పన్నెండు గంటల డ్యూటీ చేస్తారు, వాళ్లని చూస్తే నా ఉపవాసం ఎంతని అనిపిస్తుంది. రూంలో నాతో ఉండే మలయాళీ అక్కలు సిరియన్ క్రైస్తవులు (కేరళలో పాత సంఘం వాళ్లు), వాళ్లది 50 రోజుల నోంబు, అంటే ఉపవాసం, మాంసం చేపలు ఏవీ ఉండవు, వాళ్లకి బూడిద బుధవారం కాదు సోమవారమే పెడతారంట. ఒకే రూంలో ఇన్ని రకాలు.

నీకు పీజీ వంట సమస్య అన్నావు, నాకూ అంతే, క్యాంటీన్‌లో ఏది పెడితే అది. అందుకని నేను తిండి మీద పెట్టుకోలేదు. రోజూ డ్యూటీ మధ్యలో టీ, సమోసా తింటా, 250 ఫిల్సు, అంటే పావు దీనారు. అది మానేసి ఆ నాణేలు ఒక మందుల డబ్బాలో వేస్తా. నలభై రోజులకి పది దీనార్లు. మా ఊళ్లో నాన్న లేని ఒక పాప ఉంది, దాని స్కూలు పుస్తకాలకి అమ్మ ద్వారా పంపిస్తా, ఎవరు పంపారో దానికి తెలియదు. ఆ టీ పదిహేను నిమిషాలు ఊరికే పోనివ్వను, మెట్ల దగ్గర నిలబడి ఆరోజు బెడ్ నంబర్ ఒకటి తీసుకుని ఆ పేషెంట్ కోసం ప్రార్థన చేస్తా. పేరు పలకడం కూడా రాదు కొందరిది, బెడ్ నంబర్‌తోనే చెప్తా దేవుడికి.

ఇంకోటి నర్సుగా చెప్తున్నా, ఇది చదివేవాళ్లలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడక్కుండా పూర్తి ఉపవాసం ఉండొద్దు. కూడికలో కళ్లు తిరిగి పడిపోయిన పెద్దవాళ్లని చూశా నేను.

మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యక్కా. నా తమ్ముడు యాక్సిడెంట్‌లో పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నా, టికెట్ దొరికి వెళ్లేసరికి మట్టి చేసేశారు. అంతకు నెల ముందు వాడి మీద అలిగి ఫోన్ ఎత్తలేదు నేను. ఇంతకంటే రాయలేను.

ఖమ్మం_ఎబెనెజరు:

చెల్లీ, నీ తమ్ముడి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. దేవుడు నిన్ను ఆదరించుగాక.

రూతమ్మ గారూ, రోమా 14 మళ్లీ మొత్తం చదివిన. నేను లెంట్ పాటిస్త అని చెప్పలేను, కానీ పాటించేవాళ్లని తక్కువగా చూస్తున్న అని ఆ అధ్యాయం చదువుతుంటే తెలిసింది, అది తప్పు. గుంటూరు సిస్టర్, మీరు మీ అన్నతోని మాట్లాడేదాకా రోజూ మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తా.

జోజి_బెజవాడ:

సిస్టర్, మాకు పాపసంకీర్తనం ఉంటుంది, అంటే ఈస్టర్‌కి ముందు గురువు (ఫాదర్) దగ్గర మా పాపాలు చెప్పుకుంటాం. చాలా ఏళ్లు నేను అక్కడ చెప్పేసి తేలిగ్గా బయటికొచ్చేవాణ్ణి. ఒకసారి ఫాదర్ గారు అంతా విని, ఈ మాట ఎవరిని అన్నావో వాళ్లకి చెప్పావా అని అడిగారు. నేను లేదన్నా. దేవుడు క్షమించాడు బాబూ, ఇంటికెళ్లి వాళ్లకీ చెప్పు అన్నారు. మా తోడల్లుడి ఇంటి ముందు బండి ఆపి పావుగంట దిగలేకపోయా, దిగాక మాత్రం రెండు నిమిషాల్లో అయిపోయింది. పెద్ద మాటలు సిద్ధం చేసుకోకండి. నేను అన్నది తప్పు, అంత చాలు.

గుంటూరమ్మాయి:

అందరికీ ఏమని చెప్పాలో తెలియట్లేదు.

నిన్న సాయంత్రం అమ్మకి చేశా. వాడు ఇంట్లో ఉండే టైం అని తెలిసే చేశా, అయినా అమ్మే ఎత్తుతుందనుకున్నా. అన్నయ్య ఎత్తాడు. "అమ్మ కూడికకి వెళ్లింది" అన్నాడు. మామూలుగా అయితే కట్ చేసేదాన్ని. కట్ చేయలేదు. వాడూ చేయలేదు. వెనకాల గేదె మెడలో గంట వినపడుతోంది, దాణా పెడుతున్నాడేమో. నేను ఆ రోజు ఆస్పత్రి డబ్బుల గురించి అన్నది తప్పు అన్నయ్యా, అబద్ధమని తెలిసే అన్నా అని చెప్పా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తిన్నావా" అన్నాడు. ఇంకా తినలేదన్నా. ఈస్టర్‌కి నాన్న సమాధికి సున్నం నేను వేస్తా, ముందు రోజే వస్తా అన్నా. "పాత బ్రష్ పాడైంది, కొత్తది తెస్తాలే" అన్నాడు. అంతే మాట్లాడింది. వాడి గొంతులో కోపం ఇంకా ఉంది, ఉంటుంది కూడా, నేనన్న మాట అలాంటిది.

రాత్రి అమ్మ ఫోన్ చేసి బియ్యం డబ్బా ఇంకా ఉందని చెప్పింది, మూత తుప్పు పట్టిందట. పీజీలో నేను వండను కాబట్టి నర్సు చెల్లి చెప్పినట్టు చేస్తా, సాయంత్రం ఆఫీసు కింద తాగే కాఫీ మానేసి ఆ డబ్బులు అమ్మకి పంపిస్తా, వాటితో బియ్యం కొని అదే డబ్బాలో వేయమని చెప్పా. కాఫీ టైంలో మార్కు సువార్త.

ఒక్కటి అడగాలి. 18న సాయంత్రం ఆఫీసు అయ్యాక బూడిద పెట్టించుకోవాలని ఉంది, మా ఊళ్లో ఆ పద్ధతి లేదు, ఎప్పుడూ పెట్టించుకోలేదు. లూథరన్ అయినా పెడతారా? హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి?

జోజి_బెజవాడ:

పెడతారు సిస్టర్. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) వేరే సంగతి, విభూది ఎవరైనా పెట్టించుకోవచ్చు. సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ బసిలికా ఉంది, మీకు సీఎస్ఐ అయితే దగ్గరగా అనిపిస్తుంది అనుకుంటే అబిడ్స్‌లో సెయింట్ జార్జెస్ ఉంది, సర్వీసు టైం, బూడిద పెడతారా లేదా అన్నది ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. పనిరోజు కాబట్టి సాయంత్రం జనం ఎక్కువ ఉంటారు, కాస్త ముందే వెళ్లండి.

రూతమ్మ_బందరు:

వెళ్లిరా తల్లీ. మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు, మూత తుప్పుకి కొంచెం చింతపండు రుద్ది ఎండలో పెట్టమను, పోతుంది.